సూదిమొనంత ముక్క

నందిగామలో ఆ ఉదయం మంచు ఇంకా విడలేదు. డాబా మీద బట్టలు ఆరేస్తున్న అక్షయ ఆ తెలుపులో సగమే కనిపిస్తోంది. కింద వంటింట్లో అత్తగారు పుష్పవతి దోసెలు పోస్తోంది. నిరుడు తన కిడ్నీ ఒకటి కోడలికి ఇచ్చినప్పటినుంచీ, ఆ పిల్ల నవ్వితే తన ఒంట్లోనే ఏదో కదిలినట్టు ఉంటుంది ఆవిడకు.

కొడుకు రవితేజ ఫోన్ చూసుకుంటూ వచ్చాడు. "అమ్మా, అక్షయ బ్లడ్ రిపోర్టొచ్చింది. కిడ్నీ సరిగా పనిచేయట్లేదంట. చిన్న ముక్క తీసి చూడాలంటున్నారు."

పెనం మీద దోసె మాడిపోయింది. అక్షయ కిందికి రాగానే పుష్పవతి అడిగింది.

"మాత్రలు మానేశావా?"

"లేదత్తయ్యా. ఒక్క పూట కూడా మానలా."

"మరెందుకు పాడవుద్ది? నా ఒళ్లు కోయించుకుని ఇచ్చా. ఆ కాస్త జాగ్రత్త పడలేకపోయావా?"

అక్షయ భర్త వైపు చూసింది. "మీరూ నమ్మట్లేదా?"

రవితేజ తల దించుకున్నాడు.

ముగ్గురూ కారులో బెజవాడ బయలుదేరారు. కీసర దాటాక పుష్పవతికి కునుకు పట్టింది. కలలో అక్షయ పత్తిచేలో నడిచిపోతోంది. ఎంత పిలిచినా తిరిగి చూడదు. ఉలిక్కిపడి లేచి, పక్కనే ఉన్న కోడలి చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది.

ఆసుపత్రిలో సూదితో కిడ్నీ నుంచి సన్నటి ముక్క తీశారు. మర్నాడు ల్యాబ్ డాక్టరు జాయిస్ తల్లీకొడుకులను పిలిపించింది.

"శరీరం కిడ్నీని తోసేస్తోందేమో అనుకున్నామండి. ఆ గుర్తులు లేవు. కణాల్లో వైరస్ ఉంది. కిడ్నీ నిలవాలంటే రోగాన్ని ఎదిరించే శక్తిని మందులతో అణచాలి. ఈమెకు అది మరీ అణిగిపోయి వైరస్ పెరిగింది."

"అంటే, మాత్రలు మానేసిందా?" పుష్పవతి అడిగింది.

"మానేసుంటే రక్తంలో మందు ఇంత ఉండదండి. వేళ తప్పకుండా వేసుకుంటోంది. ఇప్పుడు డోసు తగ్గిస్తారు. ముందే దొరికింది కాబట్టి కిడ్నీ నిలుస్తుందనే ఆశ ఉంది."

జాయిస్ ఆవిడను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది. గులాబీ, ఊదా రంగులు కలిసి తెల్లారే ముందరి ఆకాశంలా ఉంది లోపల.

"ఇది నాదేనా?"

"మీరిచ్చిందేనండి. ఇప్పుడు ఆమెది."

పుష్పవతి చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత నెమ్మదిగా వార్డుకు నడిచింది. రవితేజ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

అక్షయ వెల్లకిలా పడుకుని కిటికీ వైపు చూస్తోంది. "ఏమన్నారత్తయ్యా? నా వల్లేనా?"

"నీ వల్ల కాదమ్మా. నువ్వు కళ్లలో పెట్టుకుని చూసుకున్నావు. నేనే నోరు జారా." పుష్పవతి మంచం అంచున కూర్చుంది. "కిడ్నీ పోతుందని కాదే నా భయం. నువ్వు పోతావని."

అక్షయ తల ఇటు తిప్పింది. అత్తగారి చేతిని తీసుకుని చెంప కింద పెట్టుకుంది. కాసేపటికి ఆ అరచెయ్యి తడిసింది.