మేడిగిరి మారుపలుకు

పడమటి కొండల వెనుకకు సూర్యుడు దిగుతున్నకొద్దీ శత్రుశిబిరాల పొగలు చిక్కబడి, మేడిగిరి దుర్గాన్ని వరద నడుమ చిక్కిన ఏనుగులా ఒంటరిగా నిలబెట్టాయి. గుట్ట దిగువ, కోటగోడ లోపలి పేటలలో సాలెల మగ్గాలు ఆగాయి, కుమ్మరుల సారెలు ఆగాయి. తల్లులు బిడ్డల నోళ్లకు అరచేతులు అడ్డుపెట్టి, ఒక్క కేక కోసం చెవులు రిక్కించారు.

తరతరాల ఆనవాయితీ అది. పొద్దు వాలగానే తూర్పు బురుజు మీది తలారి "మేడిగిరి ఎవరిది?" అని కేకవేస్తాడు. సేనను నడిపే దళవాయి ముందుగా రాజు పేరు పలుకుతాడు. ఆపై ప్రతి బురుజూ ఆ పేరే అందుకుంటుంది. ఏ పేరు వినబడితే ద్వారపాలకులు ఆ పేరుగలవానికి బద్ధులు.

ఆ ఉదయమే ఎఱ్ఱభూపాలుడు బాణపు గాయంతో కన్నుమూశాడు. బిడ్డలు లేరు. సంగతి తెలిసినవారు ముగ్గురే: రాణి కామసాని, మహామంత్రి విస్సనామాత్యుడు, దళవాయి కేతమల్లన. ఆ ముగ్గురూ ఇప్పుడు తూర్పు బురుజు మీద ఉన్నారు. మంత్రి వెనుక అతని అంగరక్షకులు కత్తుల పిడులపై చేతులుంచి నిలిచారు.

"దళవాయీ, శాస్త్రం చదివినవాణ్ని చెబుతున్నాను, వినండి" అన్నాడు మంత్రి. "రాజు, మంత్రి, దేశం, దుర్గం, కోశం, సైన్యం, మిత్రుడు. ఈ ఏడంగాలూ కలిస్తేనే రాజ్యమన్న మాటకు అర్థం. తల పోయాక మొండాన్ని కౌగిలించుకుని రాజ్యం, రాజ్యం అని ఏడవడం వెర్రి. తలారి కేకకు, మనల్ని ముట్టడించిన రాజు భైరవదేవుని పేరు పలకండి. పడమటి ద్వారం తెరిచేందుకు నా మనుషులు సిద్ధంగా ఉన్నారు. గుట్ట మీద ఉన్న ప్రతి ప్రాణికీ ఆయన అభయమిచ్చాడు."

"గుట్ట కింద ఉన్నవారికో?" అడిగింది రాణి.

"మూడు రోజుల దోపిడీ ఆయన సైన్యానికి హక్కు, దేవీ. యుద్ధమన్నాక..."

"ఏడంగాలు వల్లించారే, అందులో దేశమన్నారు. అది మట్టా, మనుషులా? దుర్గమన్నారు, ఆ రాళ్లు మోసిందెవరు? కోశం నింపిందెవరు? సైన్యంలో ఉన్నది ఎవరి బిడ్డలు? ఆ పేటలను తగలబెట్టి, మీరూ మీ ముద్రుంగరమూ మిగిలితే దానిని రాజ్యమంటారా, మంత్రీ? నేనైతే వల్లకాడంటాను!"

"దేవి వాదన ముచ్చటగా ఉంది. రేపు భైరవుని ఏనుగులకు వినిపించండి, అవి తలలూపుతాయి."

అంగరక్షకులలో ఒకడు కిసుక్కున నవ్వాడు. కేతమల్లన నవ్వలేదు. గోడరాతిని పట్టుకుని కింది పేటల వైపు చూశాడు.

"దేవీ, నేను ప్రమాణం చేసింది ఎఱ్ఱభూపాలునికి" అన్నాడు మెల్లగా. "ఆయన లేడు. ఇప్పుడు నేనెవరి బంటును? చావంటే బెదరను, తల్లీ. ఎవరి కోసమో తెలియకుండా చావాలంటే భయంగా ఉంది."

ఇంత వాదించిన రాణికీ ఎవరి పేరు చెప్పాలో తెలియదు.

పొద్దు వాలింది.

"మేడిగిరి ఎవరిది?"

కేతమల్లన గుండెనిండా ఊపిరి పీల్చాడు. "రాజు మరణించాడు!" అని గర్జించాడు. "పడమటి ద్వారంలో ద్రోహం! ద్వారం తెరవకండి..."

మంత్రి సైగ చేశాడు. అంగరక్షకుని కత్తి దళవాయి వీపులో దిగబడింది.

ఏ బురుజూ పలకలేదు. పలకడానికి పేరు లేదు. కోట గోడల లోపల ఇన్ని వేలమంది ఉండి, ఆ నిశ్శబ్దంలో ఒక్క బిడ్డ దగ్గు వినిపించింది. పడమటి ద్వారం దగ్గర, తలుపుకు అడ్డువేసే గడియమ్రానును సగం ఎత్తిన మంత్రి మనుషులు ఏ పేరుకు తెరవాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తలారి ముసలివాడు. నెత్తురు చూసి బెదిరినా, తెలిసిన పని అదొక్కటే కాబట్టి, మళ్లీ కేకవేశాడు.

"మేడిగిరి... ఎవరిది?"

సాలెపేటలోంచి ఒక ఆడగొంతు. బెదిరిన గొంతు, ఏడుపు సగం మింగిన గొంతు.

"మాది!"

"నోర్ముయ్యవే, చంపేస్తారే!" అని ఎవరో అదిలించడం కూడా వినిపించింది. అంతలో కుమ్మరివీధి అందుకుంది, "మాది!" తర్వాత గొల్లలదొడ్డి. తర్వాత, ఆ వీధుల బిడ్డలే కావలి కాస్తున్న బురుజులు, ఒకదాని తర్వాత ఒకటి. పడమటి ద్వారం దగ్గర సగం లేచిన గడియమ్రాను దబ్బున తిరిగి కొండీలలో పడింది. మంత్రి మనుషులే దానికి వీపులు ఆనించి నిలబడి అరుస్తున్నారు.

విస్సనామాత్యుడు మెట్ల వైపు తిరిగాడు. కింది నుంచి కాగడాలు పైకి వస్తున్నాయి. అతని అంగరక్షకులు కత్తులు కింద పడేశారు.

రాణి దళవాయి తలను ఒడిలోకి తీసుకుంది. కోట వెలుపల భైరవుని యుద్ధభేరి మొదలైంది. రేపటికి గోడలు నిలుస్తాయో లేదో ఆమెకు తెలియదు.

"తల్లీ," అన్నాడతడు, "నేనెవరి బంటును?"

"వినబడలేదా, దళవాయీ?"

అతడు విన్నాడు. పెదవులు ఆ రెండక్షరాలకే కదిలి, ఆగాయి.