మూడు తలుపులు, ఒకే గది

“నేను వంతెన దాటను,” అంది కొత్తమ్మాయి.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలలెత్తారు. ఆదివారం ఆటలో మేస్త్రీ మాటకి అడ్డు చెప్పినవాళ్ళు అంతవరకూ లేరు.

మేస్త్రీ అంటే ఇళ్ళు కట్టేవాడు కాదు, ఇళ్ళకి ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. ఆదివారం మధ్యాహ్నాలు తన అక్క టైలరింగ్ షాపు పైగదిలో కథల ఆట నడిపిస్తాడు. అతను కథ చెబుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని ఏం చేస్తారో చెబుతారు. అది అవుతుందో కాదో తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. గేమ్ మాస్టర్ అనడానికి నోరు తిరగక బావ అతనికి మేస్త్రీ అని పేరు పెట్టేశాడు. ఆటలో అక్క దొంగ, బావ మాంత్రికుడు. ఆ మాంత్రికుడు సగం యుద్ధాలు కుర్చీలో గురకపెడుతూ గెలిచాడు.

ఇక కొత్తమ్మాయి, మేస్త్రీ అక్కకి మెడనొప్పి తగ్గించిన ఫిజియోథెరపిస్టు. ఆటలో విలుకత్తె.

“దాటకపోతే ఎలాగండీ? కోట అవతల ఉంది,” అన్నాడు మేస్త్రీ.

“ఈదుతాను.”

“నదిలో మొసళ్ళున్నాయి.”

“ఇందాక లేవే?”

“ఇప్పుడే వచ్చాయి.”

“ఎవరు పిలిచారు?”

బావ పకపకా నవ్వాడు. చివరికి ఆమె వంతెన దాటింది గానీ, దాటుతున్నంతసేపూ అతని ముఖంలోకే చూసింది. ఆ చూపు దెబ్బకి అవతలి ఒడ్డున కాచుకున్న రాక్షసుడి సంగతే అతను మరిచిపోయాడు.

ఇక ఆమె రాదనుకున్నాడు. మరుసటి ఆదివారం అందరికన్నా ముందే వచ్చి కూర్చుంది.

వానలు మొదలయ్యాక ఆట అవగానే బస్టాపు దాకా ఒకే గొడుగులో వెళ్ళడం అలవాటైంది. అక్కడా మేస్త్రీ మేస్త్రీయే. “ఇటు నడవండి, అటు నీళ్ళున్నాయి,” అనేవాడు. కాఫీ కొట్టు దగ్గర ఆమె నోరు తెరిచేలోగా రెండు కాఫీలు చెప్పేసేవాడు.

“నాకు టీ ఇష్టమండీ.”

“ఇక్కడ కాఫీ బాగుంటుంది.”

“బాగానే ఉంది. కానీ టీ కాదుగా!” అని నవ్వుతూనే తాగేది. వాన ఆమె ఎడమ భుజాన్నీ అతని కుడి భుజాన్నీ సమానంగా తడిపేది. ఆ నవ్వు కోసం అతను వారమంతా ఎదురుచూసేవాడు. ఉన్నమాట చెప్పాలంటే ఆమె అతనికి ప్రాణమైపోయింది.

కానీ అడగాలంటే భయం. కాదంటే? అడిగి కాదనిపించుకోవడం కన్నా, కాదనడానికి వీల్లేని చోట అడగడం నయమనుకున్నాడు. అలాంటి చోటు గీయడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

ఆటలో ఒక గుహ, గుహలో మూడు తలుపులు. ఏది తీసినా ఒకటే గది. అందులో ఒక రాకుమారుడు మోకాళ్ళ మీద కూర్చుని, మేస్త్రీ మనసులోని మాట అడుగుతాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె నాన్నగారిని, తన అమ్మను ముందే పిలిపించి పక్కనున్న బట్టలు కత్తిరించే గదిలో కూర్చోబెట్టాడు. చప్పట్లు వినగానే బయటికి రావాలన్నది ఏర్పాటు.

ఆ ఆదివారం విలుకత్తె గుహలోకి రాగానే, “మీ ఎదుట మూడు తలుపులు. ఎర్రది, నల్లది, తెల్లది. మీ ఇష్టం,” అన్నాడు.

మేస్త్రీ నోట “మీ ఇష్టం” అనే మాట విని అక్క కళ్ళు పెద్దవి చేసింది.

“ఏదీ వద్దు. వచ్చిన దారినే వెనక్కి పోతాను.”

“గుహ కూలిపోయిందండీ.”

“రాళ్ళు తీస్తాను.”

ఆమె పాచిక వేసింది. ఇరవై! ఆటలో ఇరవై పడితే ఇక తిరుగులేదు. అక్క ఎగిరి చప్పట్లు కొట్టింది.

అంతే, పక్కగది తలుపు భళ్ళున తెరుచుకుంది. మేస్త్రీ అమ్మ, ఆమె వెనకే చేతిలో పూలగుత్తితో పెద్దాయన.

“ఒప్పుకున్నావా తల్లీ! చాలా సంతోషం!” అన్నాడు పెద్దాయన.

“దేనికి నాన్నా?”

మేస్త్రీ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. బావ ఉలిక్కిపడి లేచి, “యుద్ధం మొదలైందా?” అన్నాడు.

కొత్తమ్మాయికి ఒక్కొక్కటే అర్థమైంది. “నల్ల తలుపు తీస్తే ఏముండేది?”

“మన పెళ్ళి మాట.”

“ఎర్రది తీస్తే?”

“అదే.”

“తెల్లది అడగను. ఇరవై పడింది కదా, ఆ రాళ్ళు కదిలేవా?”

అబద్ధమాడదామనుకున్నాడు గానీ నోరు రాలేదు. “కదిలేవి కాదు.”

“నేను కాదంటే?”

“అది... ఆలోచించలేదండీ.”

“మీ కథకి దారి ఒక్కటేనని నాకు మొదటి రోజే తెలుసు,” అంది. “దానికి నాకేం బాధ లేదు. బావుంది కాబట్టే వచ్చాను. కానీ నేను వద్దన్న మాటకి ఇక్కడ విలువే లేకపోతే, ఇక నేనెందుకండీ? నా బదులు ఒక బొమ్మ చాలు.”

మెట్లు దిగి వెళ్ళిపోయింది. పూలగుత్తి ఎవరికివ్వాలో తెలియక పెద్దాయన దాన్ని బావ చేతిలో పెట్టి ఆమె వెనకే పరుగెత్తాడు.

“ఒరేయ్, మూడు తలుపులు పెట్టావు సరే, ఆ పిల్ల బయటికి పోవడానికి ఒక్కటైనా పెట్టావా?” అంది అక్క.

తర్వాతి ఆదివారం ఆమె కుర్చీ ఖాళీ. అతను కథ చెప్పలేకపోయాడు. సోమవారం ఆఫీసు నుంచి తిన్నగా ఆమె పనిచేసే క్లినిక్‌కి వెళ్ళాడు.

లోపల ఒక తాత నడక నేర్చుకుంటున్నాడు. అటొక కమ్మీ, ఇటొక కమ్మీ, మధ్యలో తిన్నని బాట. ఆమె పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా నడుస్తోంది. తాకడం లేదు.

“కాస్త పట్టుకోవచ్చు కదమ్మా?” అని గొణిగాడు తాత.

“పడితే పట్టుకుంటాను. నడిచేది మాత్రం మీరే.”

తాత సగంలో ఆగి కిటికీలోంచి వాన చూశాడు. ఆమె కూడా ఆగి చూసింది. పదండని అనలేదు. ఆయనకి బుద్ధి పుట్టినప్పుడు మళ్ళీ అడుగేశాడు. ఆ బాటకీ వేరే మలుపు లేదు. అయినా చివరికి చేరిన తాత ముఖం వెలిగిపోతోంది. తనేం తప్పు చేశాడో మేస్త్రీకి అప్పుడు తెలిసొచ్చింది.

తాత పరదా వెనక్కి వెళ్ళాక ఆమె ఇటు తిరిగింది. “ఈసారి ఎవర్ని ఏ గదిలో పెట్టారు?”

“ఎవర్నీ లేదండీ. తప్పు నాదేనని మీ నాన్నగారికి చెప్పాను. ఇక్కడికి వస్తున్నట్టు అక్కకి కూడా తెలీదు.”

ఆమె పరదా తొలగించి చూసింది.

“నేను వినడంలేదు, కానివ్వండి,” అన్నాడు చెప్పులు వేసుకుంటున్న తాత.

ఆమె నవ్వు ఆపుకోవడం చూసి అతనికి కాస్త ఊపిరాడింది. “నాకు మీరంటే ప్రాణం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

“కాదంటే?”

“ఏడుస్తాను. తర్వాత బస్సెక్కి ఇంటికి పోతాను. ఆటకి రావాలనిపిస్తే రండి, లేకపోతే లేదు. మిమ్మల్ని మళ్ళీ అడిగి విసిగించను.”

ఆమె తువ్వాలు తీసి మడత పెట్టింది. విప్పి మళ్ళీ మడిచింది. ఆ మౌనంలో దూర్చడానికి అతనికి నూరు మాటలు దొరికాయి. ఒక్కటీ అనలేదు. జవాబు తెలియకుండా ఎవరి ఎదుటా అతను ఇంతసేపు నిలబడలేదు.

“సరే,” అంది ఆమె.

“సరే అంటే?”

“చేసుకుంటాను అని. నేను అటే నడుస్తున్నానండీ ఇన్నాళ్ళూ. ఎత్తుకుపోదామన్న కంగారులో మీరు చూసుకోలేదంతే.”

అతను పేషెంట్ల బల్ల మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు, ముఖమంతా నవ్వు. ఈ “సరే” తర్వాత ఏం జరగాలో అతను ఒక్క ముక్క కూడా అనుకుని రాలేదు.

“ఇప్పుడేం చేద్దామండీ?” అన్నాడు.

“నాకేం తెలుసు?” అంటూ వచ్చి ఆమె అతని పక్కన కూర్చుంది.