పేరమ్మ కలిపిన వరస

ప్రేమించిన పిల్ల చెల్లెలి వరస అవుతుందని యలమందరావుకు ఎవరూ చెప్పలేదు. తన చేత్తో గీసుకున్న పటంలోనే కనిపించి, నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

వాల్తేరు యూనివర్సిటీలో దక్షిణాసియా పల్లెల బంధుత్వాల మీద రీసెర్చి చేస్తూ, 1962లో గుంటూరు దగ్గరి ఈ మిరప ఊరికి వచ్చాడు. ఆరు నెలల్లో నాలుగువందల పేర్లు నోటుబుక్కుల్లోకి ఎక్కించాడు. వాటిలో రావమ్మ పేరు ఒక్కటే నిద్ర పట్టనివ్వలేదు.

ఈ పూట ఎలాగైనా మనసులో మాట చెప్పేద్దామని వాళ్ళింటి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె వచ్చేలోగా కాలక్షేపానికి వంశవృక్షం గీస్తుంటే, మొదటివారం రాసుకున్న వాక్యం ఒకటి ఎదురైంది: "ఈ అబ్బాయి అమ్మమ్మా నేనూ అక్కచెల్లెళ్ళ బిడ్డలం." అతన్ని చూపిస్తూ చెప్పింది పేరమ్మ. ఆ పేరమ్మ స్వయానా రావమ్మ అమ్మమ్మ!

"ఏమండీ రీసెర్చిగారూ, దయ్యాన్ని చూశారా ఏంటి? ముఖం అట్లా పాలిపోయిందే?" అంటూ రావమ్మ వచ్చింది.

యలమందరావు పటం ఆమె చేతికిచ్చాడు. ఆమె వేలు గీత వెంట వెళ్ళి టక్కున ఆగింది. నవ్వు ఎటుపోయిందో పోయింది.

"అంటే నేను మీకు..."

"ఆ మాట అనకండి, మీకు దణ్ణం పెడతాను!"

"ఆర్నెల్లుగా మనల్ని చూస్తూ అమ్మమ్మ ఒక్క మాటైనా అనలేదే! పదండి, అడిగేద్దాం."

కల్లంలో పేరమ్మ మిరపకాయల తొడిమలు తుంచుతోంది. యలమందరావు తుమ్ముతూనే పటం చూపించాడు.

"మా అమ్మమ్మ మీకు అక్కచెల్లెలి వరసేనా, పేరమ్మగారూ?"

"మీ అమ్మమ్మెవరో నాకేం తెలుసు నాయనా?"

యలమందరావు నోటుబుక్కు తెరిచి, ఆమె చెప్పిన వాక్యం చదివి వినిపించాడు.

"పెళ్ళికాని కుర్రోడు పుస్తకం పట్టుకుని, ఇంట్లో ఆడపిల్లలెంతమందని ఇల్లిల్లూ తిరుగుతుంటే ఊరుకుంటామా? వచ్చినోడికల్లా అన్న వరస కలిపేస్తాం. కరెంటు స్తంభాలు పాతడానికొచ్చిన పిల్లోడు కూడా దీనికి అన్నే!"

"అయితే మిగతా ఇళ్ళల్లో చెప్పిన చుట్టరికాలు?"

"అవీ అంతే. చెప్పుకుని నవ్వుకున్నాం."

థీసిస్ సగం గాలికి పోయిందని అర్థమైంది. అయినా యలమందరావుకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ ఊపులోనే, "నేను రావమ్మను పెళ్ళి చేసుకుంటానండీ!" అనేశాడు. రావమ్మ గబుక్కున పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పేరమ్మ చేతిలోని కాయ కింద పెట్టింది. "అయితే ఇప్పుడు అసలు సంగతి చెప్పు. మీ ఇంటిపేరేంటి? గోత్రమేంటి? మీ అమ్మ ఎవరింటి ఆడపిల్ల?"

అన్నీ చెప్పాడు. ముసలమ్మ కళ్ళు మూసుకుని, వేళ్ళు మడుస్తూ మూడు తరాలు వెనక్కి వెళ్ళింది.

"పెళ్ళికి వరస కలుస్తుంది. మీ అమ్మని రమ్మను."

"ఈసారి నిజమేనా అమ్మమ్మా?" రావమ్మ అడిగింది.

"పిచ్చిదానా, అబద్ధం చెప్పి పరాయోణ్ణి దూరం పెడతాం గానీ, పిల్లనిస్తామా?"