ఇంజిన్ చాటు మాటలు

"మీ బోటు పొగంతా నా సీసాలో పడుతోంది!"

రెండేళ్ల కిందట ఆ పిల్ల నాతో అన్న మొదటి మాట ఇది. అన్న మాట అనకూడదు, అరిచిన అరుపు అనాలి. మా డీజిల్ ఇంజిన్ పక్కన ఎవరైనా అరవాల్సిందే.

"మూత పెట్టుకోండి!" అని నేనూ అరిచాను.

"మూత పెడితే నీళ్లెలా పడతాయి? మీ తలకాయతోనా?"

ఊరికి తాగునీళ్లిచ్చే జలాశయం మాది. ఆవిడ నీళ్లను పరీక్షించే ల్యాబు మనిషి. వారానికోసారి సీసాల పెట్టెతో దిగి, పన్నెండు చోట్ల నీళ్లు పట్టుకుపోతుంది. బోటు మా నాన్నది. తోలేది నేను. నాన్న ముందు కూర్చుని ఒడ్డుమీది గుర్తులు చూస్తాడు. ఫ్యాక్టరీ పొగగొట్టం వెనక నీళ్ల ట్యాంకు పూర్తిగా దాక్కుందంటే అది మూడో చోటు. వెంటనే చెయ్యి పైకెత్తుతాడు. ఆగు అని అర్థం. ముప్పయ్యేళ్లు ఆ మోత పక్కన బతికి ఆయన చెవులు సగం పోయాయి. అందుకే మా ఇంట్లో నోళ్లకంటే చేతులకు పనెక్కువ.

నీళ్లమీద ఆగడమంటే బ్రేకు తొక్కడం కాదు. గాలి తోస్తూనే ఉంటుంది. గేరు కాస్త ముందుకూ కాస్త వెనక్కూ లాగుతూ బోటును బుజ్జగిస్తూ నిలబెట్టాలి. ఆవిడేమో తాడు కట్టిన సీసాను దించుతూ, "లెఫ్టు! అంత లెఫ్టు కాదు! రైటు! అయ్యో రామా, ఎవరిచ్చారండీ మీకు లైసెన్సు?" అని నన్ను సాధించేది.

నేను ఊరుకుంటానా? ఇంజిన్ చాటున నాకు తోచిందల్లా పైకే అనేసేవాణ్ణి. ఆ మోతలో నా మాట నాకే వినబడదు, ఇంకెవరికి వినబడుతుంది? మొదట్లో అన్నీ తిట్లే. "ఈ సీసాల మేడం చిన్నప్పుడు మైకు మింగింది కాబోలు." ఆర్నెల్లకు తిట్లు మెత్తబడ్డాయి. ఏడాదికి తిట్ల స్టాకు అయిపోయి వేరే సరుకు దిగింది. ఆ సరుకు ఇక్కడ రాయడానికి నాకే సిగ్గు.

ఇలా ఉండగా ల్యాబు నుంచి కాగితం వచ్చింది. వచ్చే నెల నుంచి పొగ రాని బోటు, పెట్టిన చోట కదలకుండా నిలబడే బోటు ఉంటేనే పని. లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటారట.

నాన్న ఆ కాగితం మూడుసార్లు చదివి, "సైలెన్సర్ మారిస్తే సరిపోదూ?" అన్నాడు.

సరిపోదని చెప్పడానికి ఆవిడే మా ఇంటికొచ్చింది, చంకలో రంగురంగుల పుస్తకాలతో. అమ్మ టీ ఇచ్చింది. నాన్నకు వినబడేలా ఆవిడ గొంతు పెంచింది. అది ఆవిడకు కొత్తా?

"చూడండి అంకుల్. కొత్త డీజిల్ ఇంజిన్ పెడితే పొగ తగ్గుతుంది, పోదు. డీజిలూ కరెంటూ కలిపినదైతే బరువు, మీ బోటు ముక్కు నీళ్లలో మునుగుతుంది. ఉత్త కరెంటు మోటారైతే పొగా లేదు, మోతా లేదు."

"ఎదురుగాలిలో బ్యాటరీ అయిపోతే?" అన్నాను.

"తెడ్లున్నాయిగా."

"ఎవరు వేస్తారు, మీరా?"

"మీకు ఇక చేతినిండా ఖాళీయే. ఇది చూడండి." ఇంకో పుస్తకం తెరిచింది. "ముందు భాగాన చిన్న మోటారు. రిమోట్‌లో బటన్ నొక్కితే ఉపగ్రహాన్ని అడిగి బోటు ఎక్కడుందో అక్కడే నిలబెడుతుంది. మన పన్నెండు చోట్లూ ముందే ఎక్కించి పెడితే, చోటు రాగానే రిమోట్ కూస్తుంది. గాలి ఎటు తోస్తే దానికదే ఎదురు తోస్తుంది. ఆ బటన్ తీసేదాకా వెనక మోటారు కూడా కదలదు. ఇక లెఫ్టూ రైటూ అని నేను గొంతు చించుకోనక్కర్లేదు. హాయి!"

హాయట! రెండేళ్లుగా మా ఇద్దరి మధ్య నడిచిన కబుర్లన్నీ ఆ లెఫ్టూ రైటే కదా. మిషన్ పెడితే మాటలు పోతాయి. పెట్టకపోతే మనిషే పోతుంది.

అమ్మ నా మొహం చూసి, "వాడికి ఆ ఇంజిన్ అంటే ప్రాణం తల్లీ," అంది.

"ప్రాణమైతే నెలకోసారైనా తుడిచేవారు ఆంటీ," అంటూ ఆవిడ తన చీరకు అంటిన మసి చూపించింది.

రెండు రోజులు నేనూ నాన్నా లెక్కలేశాం. గాలి లేకపోతే పన్నెండు చోట్లూ తిరిగి రావడానికి సగం ఛార్జి చాలు. గాలుంటే నిలబెట్టడానికే బోలెడు తింటుంది. అందుకని నాన్న రూలు పెట్టాడు. మూడో వంతు మిగలగానే, ఎక్కడున్నా సరే, ఇంటిదారి పట్టాలి. పాత లంగరూ తెడ్లూ బోటులోనే ఉండాలి. "ఆ పైన, నా గుర్తులు గొప్పో దాని ఉపగ్రహం గొప్పో తేలాలి," అన్నాడు మీసం దువ్వుతూ.

మాటలు పోయినా మనిషి మిగిలితే చాలనుకుని నేనూ సరేనన్నాను.

రెండు మోటార్లూ బిగించాక, ట్రయల్ రోజున సన్నగా తుంపర. ఒడ్డు వదిలితే వదిలినట్టే లేదు. మోత లేదు, వణుకు లేదు. చెక్కమీద చినుకు పడితే వినబడుతోంది. మొదటి చోట నాన్న చెయ్యెత్తాడు, ఆవిడ చేతిలోని రిమోట్ కూడా అదే క్షణాన కూసింది. రెండూ, మూడూ, నాలుగూ అంతే. ఆరో చోటు దాటేసరికి నాన్న మీసం చెవులదాకా వెళ్లింది.

ఏడో చోటు వచ్చింది. అక్కడ ఎప్పుడూ గాలెక్కువ. అక్కడికి రాగానే ఆవిడ క్లిప్పు పళ్లమధ్య పెట్టుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టి, ఎగిరే జుట్టును ముడేసుకుంటుంది. ఆరోజూ బటన్ నొక్కేసి అంతే చేసింది. నా నోరు కూడా ఎప్పుడూ చేసే పనే చేసింది.

"కట్టకు. కాసేపలా ఎగరనీ. నువ్వు ముడేసినప్పుడల్లా నా చెయ్యి గేరు మీంచి జారిపోతోంది. నువ్వెక్కని బోటు నాకెందుకు?"

క్లిప్పు ఆవిడ నోట్లోంచి జారి నీళ్లలో పడింది. బుడుంగ్‌మంది. అది వినబడింది చూడండీ, అప్పుడు వెలిగింది నాకు. ఇంజిన్ లేదు!

"ఏమన్నారూ?" మొదటిసారి ఆవిడ అరవకుండా అడిగింది. ఆ గొంతు అంత మెత్తనిదని రెండేళ్లలో నాకు తెలీదు.

"గేరు... గేరు గురించి."

"అంటే, అంకుల్ సరిగ్గానే ఆపినా ఏడో చోట బోటు జరిగిపోయేది ఇందుకా? ఇక్కడి నీళ్ల లెక్క ప్రతివారం మారుతోందని మా ల్యాబంతా బుర్ర బద్దలు కొట్టుకుంటోంది! మా సార్ మూడు రిపోర్టులు రాశారు!"

పారిపోదామని వెనక మోటారు లివర్ తోశాను. బోటు మేకు కొట్టినట్టుంది. ఆవిడ రిమోట్ గుప్పిట్లో దాచుకుంది.

"బటన్ తియ్యను. ఇందాకటిది మళ్లీ అనండి. ఈసారి నావైపు తిరిగి."

తిరిగాను. అన్నాను. తడబడుతూ, తడుస్తూ, మొత్తం అన్నాను.

ఆవిడ చెంపలమీంచి చినుకులు జారుతుంటే నవ్వింది. "ఇంజిన్ చాటున మాట్లాడేది మీరొక్కరేననుకున్నారా? లెఫ్టుకీ రైటుకీ మధ్యలో నేనేమనేదాన్నో తెలుసా?"

"ఏమనేవారు?"

"మళ్లీ డీజిల్ పెట్టించండి, చెప్తాను."

"ఇప్పుడే చెప్పండి. నాన్నకెలాగూ వినబడదు."

ముందు కూర్చున్న నాన్న ఎప్పుడో ఇటు తిరిగి తాపీగా చూస్తున్నాడు. "చెవులు పోయినవాడికి పెదాలు చదవడం వస్తుందిరా వెధవా. చెయ్యెత్తడానికి తిరిగిన ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను. నీ కూతలు సరే, ఆ పిల్ల ఏమనేదో కూడా నాకు తెలుసు. చెప్పనా?"

"వద్దు మామయ్యా!" అని ఆవిడ అరిచింది. ఆపైన తన నోరు తనే మూసుకుంది.

రెండేళ్లుగా ఆయన ఆవిడకు అంకుల్.

నాన్న మీసం తుడుచుకున్నాడు. "బ్యాటరీ ఎంతుందిరా?"

"సగం పైనే, నాన్నా."

"అయితే కాసేపు ఇక్కడే ఉండనీ," అని మాకు వీపు తిప్పి, ఒడ్డువైపు చూస్తూ, ఎప్పటిలాగే చెయ్యి పైకెత్తాడు.