చక్రాల స్క్రూ

"మళ్లీ రెండు స్క్రూలు తక్కువున్నాయండీ!" అంటూ గడియారాలమ్మాయి ప్యాకెట్టును బల్ల మీద పెట్టింది.

కిట్టు కట్టే కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. స్క్రూ తక్కువుంటుందని అతనికి తెలుసు. కానీ తను తీసింది ఒక్కటే కదా!

బాబాయి బొమ్మరైళ్ల షాపు మేడ మీద కూర్చుని అతను సన్న పట్టాల మీద నడిచే ఒక నారోగేజ్ ఆవిరి ఇంజను బొమ్మకు కిట్టు తయారుచేస్తున్నాడు. ఇత్తడి రేకులు, బుల్లి చక్రాలు, నలకంత స్క్రూలు. కొన్నవాళ్లు ఇంట్లో కూర్చుని బిగించుకోవాలి. కొత్తవాళ్ల చేతికి లొంగుతుందో లేదో చూడటానికి, పక్క షాపులో గడియారాలు బాగుచేసే ఈ అమ్మాయికి ఒక్కో భాగం ప్యాకెట్టు కట్టి ఇస్తున్నారు. ఇంజను పరిగెత్తిన రోజున ఆమెకు ఇక్కడ పని ఉండదు. అందుకే అతను ప్రతి ప్యాకెట్టులోంచీ ఒక స్క్రూ తీసి జేబులో వేసుకుంటున్నాడు. తక్కువైన దాని కోసమైనా ఆమె మళ్లీ మెట్లెక్కాలి కదా.

"సరిగ్గా వెతికారా?" అన్నాడు.

"నేను రోజూ ఇంతకంటే చిన్నవాటితోనే వేగుతాను. మీరు సరిగ్గా వేశారా?"

"వేశాను," అన్నాడు కిటికీలోంచి వాన చూస్తూ.

"వానకెందుకు చెప్తారు? నావైపు చూసి చెప్పండి."

చూశాడు. ఆ తర్వాత అబద్ధం నోట్లోంచి ఊడిపడలేదు. "రేపు రండి, వెతికి ఉంచుతాను," అని గొణిగాడు.

ఆమె వెళ్లగానే బాబాయి మేడెక్కి వచ్చాడు. "ఒరేయ్, వెనక వీధి షాపువాళ్లు కూడా ఇదే ఇంజను తెస్తున్నారట. వాళ్లు ముందు తెచ్చారో, మన షాపుకి తాళమే. ఈ అమ్మాయి మన సరుకు అక్కడికి చేరవేస్తోందేమో!"

"ఛ, అలాంటిది కాదు బాబాయ్."

"మరి స్క్రూలకి కాళ్లొచ్చాయా?"

అతని చెయ్యి దొంగలా జేబు మీదికి పోయింది. కానీ తను తియ్యని ఆ రెండో స్క్రూ గురించిన అనుమానం ఊరుకోదుగా. మర్నాడు ఆమె షాపులోకి తొంగిచూశాడు. ఆమె చటుక్కున ఒక రేకు డబ్బాను సొరుగులోకి తోసేసింది.

"ఏంటది?"

"పాత గడియారాల ముళ్లు," అంది. ముఖం మాత్రం కందిపోయింది. అతనికి ఆ రోజు అన్నం సయించలేదు.

తర్వాతి ప్యాకెట్టును బాబాయి తనే లెక్కపెట్టి, బంగారం తూచే త్రాసులో తూచి మేడ మీదికి పంపాడు. ఆమె తీసుకోబోతుంటే త్రాసు పట్టుకుని పైకొచ్చి, అడ్డుపడి మళ్లీ తూచాడు.

"ఇంకా గుమ్మం దాటలేదు, అప్పుడే బరువు తగ్గింది! ఒరేయ్, జేబు చూపించు."

స్క్రూలు బల్ల మీద రాలాయి.

"ఇంజను పూర్తయితే ఈవిడ ఇక రారు బాబాయ్," అన్నాడు అతను తలొంచుకుని. "నాకు ఈవిడ రావాలి. అంతే."

ఆమె బల్ల మీది స్క్రూలను ఒక పక్కకు నెట్టింది. "అయితే నన్నెందుకు దొంగలా చూశారు?"

"నేను తీసింది ఒక్కటే. రెండోది ఏమైందో తెలీక..."

ఆమె గిర్రున తిరిగి మెట్లు దిగి వెళ్లిపోయింది. కిట్టూ పోయింది, ఆమె కూడా పోయింది అనుకున్నాడు అతను.

అంతలోనే మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆమె రేకు డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. అన్నీ చక్రాల స్క్రూలే.

"రెండోది ఇదిగో. మీ ఒక్కరికే వస్తాయా తెలివితేటలు?"

బాబాయి తల పట్టుకున్నాడు. "మీ ఇద్దరూ కలిసి నా కొంప ముంచేవాళ్లు! ముందు ఆ చక్రాలు బిగించండి. మీ నాన్నగారితో నేను మాట్లాడతానమ్మా."

సాయంత్రానికి ఇంజను బుసబుసమంటూ బల్ల చుట్టూ తిరిగింది. వెనక వీధివాళ్ల కంటే ముందే కిట్టు షాపులోకి వచ్చింది.

ఆ మర్నాడు అతను ఆమె షాపు మెట్లెక్కి చేతి గడియారం విప్పి ఇచ్చాడు. "ఆగిపోయిందండీ."

ఆమె దాని వెనక మూత తీసి చూసింది. తలెత్తకుండానే అరచేయి చాచింది. "ఇవ్వండి."

అతను జేబులోంచి స్క్రూ తీసి ఆ అరచేతిలో పెట్టాడు. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు.