కాల్చిన మట్టి

మా ఊరు ఇన్నిస్‌ఫెయిల్‌ని ఏప్రిల్‌లో కూడా వాన పూర్తిగా వదలదు. మా ఇల్లు పొడుగాటి చెక్క స్తంభాల మీద ఉంటుంది. పైన మేం, కింద కారు, బట్టలుతికే మిషన్, మా అన్నయ్య డారియో పనిబల్ల. ఆ మధ్యాహ్నం అన్నయ్య అక్కడే కూర్చుని ఇత్తడి గొట్టానికి గరుకు కాగితం రుద్దుతున్నాడు. మర్నాడు ఆన్జాక్ డే. యుద్ధంలో పోయినవాళ్లని తలుచుకునే రోజు. ఊరి హాల్లో పెట్టడానికి అన్నయ్య ఒక ఫిరంగి చేస్తున్నాడు, అసలుదానిలో పదహారో వంతు. అడవుల్లో ఈడ్చుకుపోవడానికి వీలుగా పొట్టి గొట్టంతో ఉండే రకం. చుట్టూ జానెడు కూడా లేని సైనికులు.

"డారియో, ఓవెన్‌లో ఏం పెట్టావురా? గొర్రె మాంసం మాడిన వాసన వస్తోంది," అని పొద్దున అమ్మ మెట్ల మీదనుంచి అడిగింది.

"మట్టి అమ్మా."

"ఇంట్లో మనుషులకి ఏనాడైనా వండావా? మట్టికి మాత్రం వంట."

బొమ్మల పని చేసేవాళ్లందరూ చేసేదే అది. బయటి మట్టిని అలాగే జిగురుతో అతికిస్తే అందులోని గుడ్లు పొదిగి పురుగులొస్తాయి, బూజు పడుతుంది. అందుకని ముందు ఓవెన్‌లో కాలుస్తారు. కానీ మట్టి కాలితే మట్టి వాసన రావాలి కదా. జల్లెడలో తెల్లటి పలుకులు మిగిలితే, పగడపు ముక్కలనుకుని అన్నయ్య వాటినీ కలిపేశాడు.

ఆ మట్టి ఇచ్చింది ఎదురింటి మెర్వ్ తాత. మా ఊరి బొమ్మల క్లబ్బుకి ఆయనే పెద్ద. పోయిన నెల బోగన్‌విల్ దీవికి వెళ్లి, రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల నాన్న సార్జెంటుగా ఉన్న ఫిరంగి గుంటలోంచి పాలల్లో కలుపుకునే మైలో పొడి డబ్బా నిండా తవ్వి తెచ్చాడు. ఆ మధ్యాహ్నం ఆయన కూడా మాతోనే కూర్చుని, మా అమ్మ చేసిన బాదం బిస్కెట్లు ఒక్కొక్కటే ఖాళీ చేస్తున్నాడు.

"మా నాన్న నోరు ఇంకా పెద్దగా తెరువు అబ్బాయ్," అన్నాడు సార్జెంటు బొమ్మని చూపించి. "ఆయన మామూలుగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అరుపే."

ఫొటోలో వాళ్ల నాన్న ముఖం చెరిగిపోయింది. తనది అచ్చు నాన్న పోలికేనని తాతే ఎదురుగా కూర్చుని సార్జెంటు బొమ్మకి తన ముఖం పెట్టించాడు. ఇక గుండు పెట్టేవాడి బొమ్మకి అన్నయ్య తన ముఖమే పెట్టుకున్నాడు. అది క్లబ్బు అలవాటు. ప్రతి బొమ్మల గుంపులోనూ ఎవడో ఒకడు చేసినవాడి ముఖంతో ఉంటాడు. సంతకంలాంటిది.

"గుండు పెట్టేవాడు పోయాడన్నావు కదా తాతా, ఎలా పోయాడు?" అని అడిగాను.

తాత బిస్కెట్టు పొడి దులుపుకున్నాడు. "పొద్దుటినుంచి పేల్చి పేల్చి గొట్టం ఎర్రగా కాగింది. ఇంకో గుండు పెట్టను, పెడితే లోపలే పేలుతుంది అన్నాడు వాడు. నాన్న పిస్తోలు తీసి వాడి చెవికి ఆనించాడు. దాంతో వాడు గుండు పెట్టాడు. గొట్టం వెనక మూత పడీపడకముందే పేలింది. నడుం పైన వాడిది ఏమీ మిగల్లేదు. మిగిలింది గుంటలోనే కప్పేశారు."

"దాన్ని యుద్ధం అంటారా? హత్య అంటారు."

"అమ్మాయ్, ఆజ్ఞ ఆజ్ఞే."

"ఆజ్ఞ ఇచ్చినవాడికి ఏమైంది మరి? పెన్షన్ వచ్చింది, పతకం వచ్చింది, రేపు బొమ్మ కూడా వస్తోంది. పెట్టనన్నవాడి పేరు కూడా నీకు తెలీదు."

"లీవియా, ఇది కాలేజీ వేదిక కాదే," అని అన్నయ్య నవ్వాడు.

తాతకి కోపం రాలేదు. "నాన్న నిద్రలో అవే మాటలు అనేవాడు. గుండు పెట్టు. మూత వెయ్యి. పేల్చమనే మూడోమాట రాకుండా అమ్మ చెయ్యి అడ్డం పెట్టి నోరు మూసేసేది. ఒక్కసారి మూయలేకపోయింది. మంచం పక్కన మా కుక్క పడుకుని ఉంది..." ఆగిపోయాడు. కర్ర వెతుక్కుని లేచాడు. "పోయి కాస్త కునుకు తీస్తాను."

అమ్మ కూడా హాల్లో కుర్చీలు సర్దడానికి వెళ్లింది. ఇద్దరమే మిగిలాం.

పొద్దు వాలుతుంటే వాన హోరెత్తింది. చెరకు తోటలు ఒక నల్లటి గోడలా కనిపిస్తున్నాయి. ఉన్నట్టుండి కరెంటు పోయింది. అన్నయ్య తలకి కట్టుకునే చిన్న దీపం వెలిగించుకున్నాడు. ఆ వెలుగు ఫిరంగి మీద, దాని కింద అతికించిన నల్ల మట్టి మీద పడింది. పొద్దుటి వాసన మళ్లీ వచ్చింది. మాంసం, కాలిన వెంట్రుకలు, ఇంకేదో లోహపు చేదు.

"ఓవెన్ ఆపలేదా?"

"పొద్దున్నే ఆపాను. అయినా కరెంటేదీ?"

మట్టి మీద వేలు పెట్టాను. వేడిగా ఉంది.

అప్పుడు వినిపించింది. గుసగుసే. ముసలి గొంతు, నిద్రలో ఉన్నట్టు.

"గుండు పెట్టు..."

"నువ్వేమైనా అన్నావా?" అన్నాడు అన్నయ్య.

"లేదు."

అన్నయ్య ముఖం ఉన్న బొమ్మ వైపు చూశాను. రెండు చేతులతో గుండుని పసిపిల్లలా ఎత్తుకుని ఉండాలి. చేతులున్నాయి... గుండు లేదు. పెన్సిలంత లావు, వేలి కణుపంత పొడవు ఇత్తడి గుండు. అది అన్నయ్య వేళ్ల మధ్య ఉంది.

"దాన్ని కింద పెట్టు అన్నయ్యా."

"పెట్టలేను." వాడి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "చెయ్యి... నా మాట వినట్లేదు."

ఫిరంగి గొట్టం రంగు మారుతోంది. ముందు నారింజ. తర్వాత ఎరుపు. అన్నయ్య ఎడమ అరచెయ్యి దాని మీద ఆనింది. చర్మం చుయ్‌మంది. వాడు చెయ్యి తీయలేదు. తల ఒక పక్కకి వంచాడు, చెవికి ఎవరో చల్లటిదేదో ఆనించినట్టు.

"పెట్టనన్నాను సార్," అన్నాడు. అది అన్నయ్య గొంతు కాదు. "లోపలే పేలుతుంది సార్... పిస్తోలు తియ్యకండి..."

వాడి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను. మోచేత్తో నా నోటి మీద కొట్టాడు. పెదవి చీలింది, పన్ను కదిలింది. నోరంతా రక్తం. మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ కొట్టాడు, ఏడుస్తూనే, "పోవే, పారిపో" అంటూనే. గుండు గొట్టంలోకి వెళ్లింది. దాని వెనకే వాడి చూపుడువేలి కొన కూడా మూత సందులో ఇరుక్కుంది.

"మూత వెయ్యి..."

ఇత్తడి మూత దానంతటదే లేచింది. చెరకు కణుపు విరిగినట్టు చప్పుడు. గోరుతో సహా వేలి కొన తెగి మట్టిలో పడింది. రక్తం చిమ్మింది. ఆ కాస్త మట్టీ రక్తాన్ని చుక్క మిగల్చకుండా తాగేసింది.

"పెట్టాను సార్," అన్నాడు అన్నయ్య. నిటారుగా నిలబడ్డాడు. రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకున్నాడు. తెగిన వేలి రక్తం మెడ మీదుగా చొక్కాలోకి కారుతోంది.

ఇంకొక్క మాటే మిగిలింది.

సార్జెంటు బొమ్మ వైపు చూశాను. మధ్యాహ్నం పెద్దగా తెరిచి ఉన్న నోరు... ఇప్పుడు మూసి ఉంది. ఊపిరి పీల్చుకుంటున్నట్టు. బుగ్గలు ఉబ్బుతున్నాయి.

బల్ల మీద తీగలు తెంచే కటర్ ఉంది. తీసుకున్నాను. బొమ్మ మెడ దాని పళ్ల మధ్య పెట్టాను. మెర్వ్ తాత ముఖం నన్నే చూసింది.

నొక్కాను.

తల ఎగిరి చీకట్లో ఎక్కడో పడింది. అన్నయ్య మోకాళ్ల మీద కూలిపోయి కేక పెట్టాడు. ఈసారి వాడి సొంత గొంతుతోనే. ఫిరంగి ముట్టుకుంటే చల్లగా ఉంది. మూత తెరిచి చూశాను. లోపల ఖాళీ. గుండు లేదు.

మర్నాడు ఊరంతా హాల్లో మౌనంగా నిలబడి ఉన్న వేళకి మేం ఆసుపత్రిలో ఉన్నాం. వేలు అతకలేదు. ఒళ్లంతా ఇత్తడి ముక్కలేమైనా దిగాయేమోనని ఎక్స్‌రేలు తీశారు. డాక్టరమ్మ ఒక ఫిల్ముని కిటికీ వెలుగుకి పట్టి చాలాసేపు చూసింది.

"ఇది ఎప్పుడు మింగావు?" అంది.

ఆ ఇత్తడి గుండే. పొట్టలో కాదు. పక్కటెముకల వెనక, గుండెకి ఆనుకుని, నిలువుగా. మొన తేలి, నున్నగా, గీత కూడా పడకుండా.

"ఇప్పుడే తియ్యలేం. కదిపితే ప్రమాదం. టౌన్స్‌విల్ నుంచి పెద్ద సర్జన్ వచ్చేదాకా కదలకుండా ఉంచండి," అని, నర్సుతో ఏదో చెబుతూ బయటికి వెళ్లిపోయింది.

అన్నయ్య మందుల మత్తులో పడుకున్నాడు. అమ్మ టీ తేవడానికి వెళ్లింది. కోటు మీద వాళ్ల నాన్న పతకాలతో మెర్వ్ తాత వచ్చాడు. మంచం పక్కన కుర్చీలో కూర్చుని అన్నయ్య రెండు చేతుల కట్ల కేసి చూశాడు.

"నిన్న సాయంత్రం కునుకు పట్టింది అమ్మాయ్. మెడ పట్టేసి, నోట్లో ఏదో రుచితో లేచాను. అప్పటినుంచీ నిద్రపోవాలంటే భయంగా ఉంది. రాత్రంతా కూర్చునే ఉన్నాను."

"ఇంటికెళ్లి పడుకో తాతా."

"వెళ్తాను," అన్నాడు. వెళ్లలేదు. డెబ్బై దాటిన మనిషి, రాత్రంతా నిద్రలేని మనిషి. గడ్డం మెల్లగా ఛాతీ మీద పతకాలకి ఆనింది.

గదిలోకి ఆ వాసన వచ్చింది.

మంచం మీద అన్నయ్య కళ్లు తెరవలేదు. కానీ రెండు చేతులూ లేచాయి. కట్లతోనే ఒకటి ఒక చెవి మీదికి, రెండోది ఇంకో చెవి మీదికి.

తాత పెదవులు విడిపోతున్నాయి.

రెండు చేతులతో ఆయన నోరు మూశాను. గట్టిగా. తల గోడకి అదిమిపెట్టి మూశాను. ముక్కు కూడా మూసుకుపోయిందేమో నేను చూసుకోలేదు. ఆయన కాళ్లు నేలని తన్నాయి. పతకాలు గలగలలాడాయి. నా మణికట్టు మీద గోళ్లు దిగాయి. వదల్లేదు... అరచేతి కింద పెదవులు ఆ మాటనే పలకాలని కదులుతూనే ఉన్నాయి.

కాసేపటికి ఆగిపోయాయి. అన్నయ్య చేతులు దుప్పటి మీదికి జారాయి. ఊపిరి పీలుస్తున్నాడు. చూశాను. మళ్లీ చూశాను. పీలుస్తున్నాడు.

అప్పుడు, ఇక కదలని తాత నోటి మీదినుంచి నా అరచేతులు తీసి చూసుకున్నాను.

రెండింటి నిండా నల్లటి మట్టి. అందులో తెల్లటి పలుకులు. ఇంకా వేడిగా ఉంది.