విజయశ్రీ కొలను

అమెరికాలో, షామ్‌బర్గ్‌లో యజ్ఞనారాయణ గారింటి వెనక ఉన్న కొలను మంచిది కాదని ఆ రోజుల్లో అక్కడి తెలుగువాళ్లందరికీ తెలుసు. ఎండాకాలంలో ఏ భయమూ లేదు. పిల్లలు గట్టున కూర్చుని గోల్డ్ ఫిష్‌కి బ్రెడ్ ముక్కలు వేసేవారు. ఆకులు రాలడం మొదలయ్యాక మాత్రం, పొద్దు గూకితే ఆ వైపు ఎవరూ అడుగు పెట్టేవారు కాదు.

అక్కడ ఒక ఆడగొంతు వినబడేది.

కేక కాదు, ఏడుపు కాదు. నీళ్ల పక్కన కూర్చుని ఎవరికో ఓపికగా చెబుతున్నట్టు... మెల్లగా... తెలుగులో.

"అమెరికా దెయ్యమైతే ఇంగ్లీషులో మాట్లాడాలి కదయ్యా! ఇదేమిటి, అచ్చం తెనాలి తెలుగు?" అని రెండు వీధుల అవతలుండే కృష్ణమూర్తి గారు పార్టీల్లో అందర్నీ నవ్వించేవారు. ఆ కృష్ణమూర్తి గారే ఎనభయ్యో సంవత్సరం అక్టోబరులో, అరువు తెచ్చుకున్న నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వెనక గేటులోంచి వెళ్లి, దాన్ని గడ్డిలో పడేసి, కారు డోరు కూడా సరిగా వెయ్యకుండా ఇల్లు చేరారు. ఆయన భార్య శాంతి చెప్పింది. ఈ కథంతా నాకు చెప్పిందీ ఆవిడే. ఉన్నదానికి ఒక్క మాట చేర్చే మనిషి కాదు. నేనూ చేర్చను.

ఆ కొలను యజ్ఞనారాయణ గారి మొదటి భార్య విజయశ్రీది. మనుషుల్ని పెట్టి తవ్వించలేదు. 1977 వేసవిలో సగం తన చేత్తోనే తవ్వింది. అడుగున ప్లాస్టిక్ షీటు పరిచి, చుట్టూ రాళ్లు పేర్చి, బుట్టల్లో కలువలు నాటి లోపల పెట్టింది. నిండా రెండేళ్లు చూసుకోలేదు. 79 ఏప్రిల్‌లో జబ్బు చేసి ఆస్పత్రిలో పోయింది. పిల్లలు లేరు.

81లో ఆయన రాజమండ్రి వెళ్లి జయంతిని పెళ్లి చేసుకున్నారు. వీసా వచ్చి ఆ అమ్మాయి షామ్‌బర్గ్ చేరేసరికి 82 మే నెల.

జయంతి చెడ్డది కాదు. పనిమంతురాలు. కానీ మట్టిబొమ్మయినా సవతి సవతే అంటారు. వచ్చిన వారంలోనే, విజయశ్రీ చేతిరాత చీటీలు అంటించి ఉన్న పోపు డబ్బాలన్నీ చెత్తలో వేసింది. కర్టెన్లు మార్చింది. మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపించింది. యజ్ఞనారాయణ గారు ఒక్క మాట అనలేదు. అదే ఆ అమ్మాయికి కంటకమైంది. పోట్లాడే మనిషి మీద గెలవవచ్చు. ఊరుకునే మనిషి మీద ఏం గెలుస్తాం?

ఒక్కచోట మాత్రం ఆయన అడ్డం నిలబడ్డారు.

"ఇల్లంతా నీ ఇష్టం జయంతీ. పాండ్ జోలికి మాత్రం రావద్దు. అది నేను చూసుకుంటాను."

"ఏం? ఆవిడ అందులో ఉందా?"

ఆయన తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లిపోయారు.

పెళ్లాడి తెచ్చుకున్న మనిషికి తాళాలన్నీ ఇచ్చి ఒక్క తలుపు మూసి ఉంచితే, ఆ మనిషి రాత్రింబగళ్లు ఆ తలుపు దగ్గరే కూర్చుంటుంది. యజ్ఞనారాయణ గారికి ఎంత చదువున్నా ఈ సంగతి తెలియలేదు.

అక్టోబరు వచ్చింది. ఇల్లినాయ్ చలికి కొలను పైన గడ్డకడుతుంది. అంతకు ముందే దాన్ని సర్దిపెట్టాలి. రాలిన ఆకులు దేవాలి, లేకపోతే కుళ్లి చేపల్ని చంపుతాయి. చేపలకు మేత ఆపాలి. కలువ కాడలు కోసేసి, బుట్టలు లోతుకు దించాలి. పంపు బయటికి తీసి బేస్‌మెంట్‌లో పెట్టాలి. చివరికి పైన వల కట్టాలి. ఆయన ఆఫీసు నుంచి రాగానే కాఫీ కూడా తాగకుండా రోజుకింత చొప్పున ఆ పని చేసేవారు.

నెలాఖరు ఆదివారం, అక్కడ ఏటా చలికాలం ముందు చేసినట్టే, గడియారాలు గంట వెనక్కి తిప్పారు. మర్నాటి నుంచి అయిదింటికే చీకటి.

ఆ సోమవారం సాయంత్రం జయంతి వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. కిటికీ రెండు వేళ్ల సందున తెరిచి ఉంది. ఆ సందులోంచి... ఒక గొంతు.

కత్తి ఆగింది.

ఆడగొంతు. మాటలు తెలియడం లేదు. ఒకటి చెప్పి, ఆగి, మళ్లీ ఒకటి చెబుతోంది. కిటికీలోంచి చూస్తే కొలను దగ్గర భర్త వీపు ఒక్కటే కనిపించింది. పక్కన ఎవరూ లేరు.

జయంతి శాంతికి ఫోన్ చేసింది. శాంతి దాచలేదు. ఊళ్లో అనుకునేదంతా చెప్పి, "నువ్వు భయపడకు. ఆ టైంలో అటు వెళ్లకు, అంతే" అంది.

"భయమా?" అంది జయంతి. "దెయ్యమైతే ఏం అక్కయ్యా, ఆడదే కదా!"

ఆ మాటకు తనకే వెన్ను జలదరించిందని శాంతి అంది. ఆ అమ్మాయి గొంతులో భయం లేదట. కుళ్లు ఉందట.

మర్నాడు చీకటి పడ్డాక జయంతి చెప్పులు వదిలేసి, పక్క తలుపులోంచి గడ్డిలోకి దిగింది. గోడ వెంట... పొదల వెంట... చలికి పాదాలు మొద్దుబారుతున్నాయి. మాటలు ఇప్పుడు స్పష్టంగా వినబడుతున్నాయి.

"...కాడని అడుగుదాకా కొయ్యండి. సగం వదిలితే కుళ్లిపోతుంది. ఆగండాగండి, ముందు చొక్కా చేతులు పైకి మడవండి. తడుపుకుంటారు, నాకు తెలుసు."

యజ్ఞనారాయణ గారు నవ్వారు. నవ్వి, చొక్కా చేతులు మడుచుకున్నారు.

ఆరు నెలల కాపురంలో జయంతి ఆ నవ్వు ఎప్పుడూ వినలేదు.

గొంతు రాళ్ల అవతలి నుంచి వస్తోంది. రాళ్ల అవతల — ఎవరూ లేరు. ఇంకో అడుగు వేసింది. కాలి కింద ఎండిన మేపుల్ ఆకు పెళపెళలాడింది.

గొంతు ఆగిపోయింది.

నీళ్లు కదలడం లేదు... గాలి లేదు...

"ఉండండి," అంది ఆ గొంతు. "ఎవరో వచ్చారు."

జయంతి వెనక్కి అడుగేసి, గడ్డిలో కూలబడింది. ఆ చప్పుడుకు ఆయన గిరుక్కున తిరిగారు. తడిచేత్తో రాయి వెనక తడిమి, ఏదో నొక్కారు. టక్కుమంది.

బ్రెడ్ కవరులో చుట్టిన టేప్ రికార్డర్.

ఆ రోజుల్లో ఇండియాకి ఫోనంటే మాటలు కాదు. కేసెట్‌లో అరగంట మాట్లాడి పోస్టులో పంపితే, అక్కడ అమ్మా నాన్నా కూర్చుని వినేవారు. విజయశ్రీ కూడా తెనాలికి అలాగే పంపేది. ఆస్పత్రిలో కలం పట్టే ఓపిక లేని రోజుల్లో, కొలనును చలికాలానికి ఎలా సర్దాలో భర్త కోసం ఒక కేసెట్ నింపింది. "ఎవరో వచ్చారు" అన్నది, మధ్యలో నర్సు గదిలోకి వచ్చినప్పటి మాట.

"ఇది నాలుగో ఏడు కదా," అంది జయంతి, పళ్లు టకటక కొట్టుకుంటుంటే. "ఇంకా నోటికి రాలేదా?"

"వచ్చింది."

"మరి ఎందుకు వింటున్నారు?"

ఆయన చేతులు తుడుచుకున్నారు. "రెండో వైపు నువ్వు వినకు" అని మాత్రం అన్నారు.

దెయ్యం కథ ఇక్కడితో అయిపోవాలి. మనసు శుభ్రంగా ఉండి ఉంటే అయిపోయేదే.

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్లగానే జయంతి రెండో వైపే పెట్టింది.

"మళ్లీ పెళ్లి చేసుకోండి," అంటోంది విజయశ్రీ. "ఒంటరిగా ఉండలేరు మీరు. వచ్చే ఆవిడకి ఇల్లంతా ఇచ్చెయ్యండి. ఏం మార్చినా ఏమీ అనకండి. పాండ్ దగ్గరికి మాత్రం రానివ్వకండి... నేను ఓర్చుకోలేను. సిగ్గు విడిచి చెబుతున్నాను. చచ్చాక కూడా ఓర్చుకోలేను."

పోయినవాళ్లను అనకూడదు. అయినా అంటాను. ప్రాణం పోయేటప్పుడైనా పిడికిలి విప్పాలి. ఆవిడ విప్పలేదు. ఆ ఓర్వలేనితనాన్ని భద్రంగా మూటగట్టి, ముందు ముందు వచ్చే మనిషికి అప్పగించి పోయింది.

జయంతి పెన్సిలు తీసుకుంది. మొదటి వైపు విని, చెయ్యాల్సిన పనులన్నీ కవరు వెనక రాసుకుంది. రికార్డు చేసే ఎర్ర మీట నొక్కి, అవే మాటలు తన గొంతుతో చెప్పింది. అంతా చెప్పి, చివర "అంతే" అంది. మిగిలిన టేపూ, రెండో వైపు మొత్తమూ, నోరు మెదపకుండా ఖాళీగా తిప్పి చెరిపేసింది.

డబ్బు ఎత్తుకుపోతే దొంగ అంటాం. పోయిన మనిషి గొంతు తుడిచేస్తే ఏమనాలో నాకు తెలియదు.

శనివారం సాయంత్రం. బుట్టలు దించడం, వల కట్టడం మిగిలాయి. యజ్ఞనారాయణ గారు మీట నొక్కారు.

"ముందు రాలిన ఆకులు దేవండి..." అంది జయంతి గొంతు.

ఆయన వెనక్కి తిరిగారు. జయంతి వెనకే నిలబడి ఉంది. ఆ వేళ దాక్కోలేదు.

"ఎంత చెరిపావు?"

"రెండు వైపులా."

రెండోసారి శ్మశానం నుంచి తిరిగొచ్చిన మనిషిలా ఆయన లేచారు. తిట్టలేదు. చేతి తొడుగులు రాయి మీద పెట్టి లోపలికి వెళ్లి, తలుపు వేసుకున్నారు.

కొలను జయంతికి దక్కింది.

మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లలో మోచేతుల దాకా చేతులు పెట్టి, బుట్టలు ఒక్కొక్కటే లోతుకు జరిపింది. వల లాగి నాలుగు పక్కలా రాళ్లు పెట్టింది. చీకటి చిక్కబడింది. పక్కనే తన గొంతు తనకే పని చెబుతోంది. చివరికి "అంతే" అని ఆగింది.

ఆ తర్వాత టేపులో ఏమీ లేదని జయంతికి తెలుసు. ఆపుదామని చెయ్యి చాపింది. వేళ్లు వంగలేదు. మీట దిగలేదు. టేపు తిరుగుతూనే ఉంది... సుయ్యిమంటూ... తిరుగుతూనే...

"చాలమ్మా," అంది ఒక గొంతు. "వేళ్లు కొంకర్లు పోయాయి కదా. ఇక లోపలికి పో."

తెనాలి యాస.

టేప్ రికార్డరును చంకలో పెట్టుకుని, తడి చేతులతో, జయంతి రెండు వీధులు పరుగెత్తింది. శాంతి తలుపు తీసి, దుప్పటి కప్పి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. కృష్ణమూర్తి గారు టేపు వెనక్కి తిప్పి విన్నారు. ఆ మాటలున్నాయి.

"ఓస్, ఇంతేనా!" అన్నారు. "పాత మిషనమ్మా. సరిగా ఎరేజ్ అయి ఉండదు. ఆవిడ అప్పట్లో నర్సుతో అన్న మాటలు ఎక్కడో మిగిలిపోయి ఉంటాయి."

"నర్సుతో తెలుగులోనా?" అంది శాంతి.

ఆయన నవ్వబోయి మానుకున్నారు. టేపు మళ్లీ వెనక్కి తిప్పి, వాల్యూం పూర్తిగా పెంచారు. ఈసారి ముగ్గురూ చివరిదాకా విన్నారు.

లోపలికి పో... ఒక ఊపిరి తీసుకున్న చప్పుడు... ఆ తర్వాత, చాలా సన్నగా, ఇంకొక్క మాట.

"జయంతీ."

విజయశ్రీ చనిపోయిన 79 ఏప్రిల్ నాటికి, ఆ పేరుగల మనిషి ఈ భూమ్మీద ఉందని యజ్ఞనారాయణ గారికే తెలియదు.